కాశీకి దారి

1830లో మన దేశంలో రైలు లేదు. మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరారు. వెంట సుమారు నూరుమంది. అంతమందికీ మజిలీ మజిలీకీ బియ్యం, నీరు దొరకాలి. అవి దొరకని దారి ఎంత దగ్గరైనా దూరమే.

ఆయన పల్లకి ఎక్కారు. పల్లకి సుఖమే, ఎక్కినవారికి! మోసే బోయీలు జబ్బుపడితే ప్రయాణం ఆగినట్లే. కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ చేరాక, గంగలో పడవ మాట్లాడుకొన్నారు. ప్రవాహం వెంట పోయే పడవకు బోయీల భుజాలు అక్కరలేదు కదా!

తిరుగుదారిలో కలకత్తా, గంజాం, విశాఖపట్నం చూసి 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నం చేరారు. ఏ మజిలీలో ఏమి దొరుకుతుందో కూడా వ్రాసిపెట్టారు. ఆ వ్రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి.