కోరం: రానివాళ్లను లెక్కపెట్టేది ఎట్లా?



దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వైపు మన కమిటీ మీటింగులు ఎక్కువగా ఆదివారం సాయంత్రమే. పదకొండు మంది కమిటీకి నలుగురు వస్తారు. ఒకరికి డ్యూటీ, ఒకరు ఊరికి పోయారు, ఇంకొకరు మెట్రోలో ఉన్నానంటారు, రారు. "ఎట్లాగూ చేసేది మనమే కదా, రాసెయ్ అన్నా" అని తీర్మానం రాసేస్తారు. తెల్లారి మినిట్స్ బుక్ సంచిలో పెట్టుకొని ఇంటింటికీ తిరిగి సంతకాలు. జయంతి రోజు పూలదండల ఖర్చయితే ఎవరూ అడగరు. విహారం స్థలం సంగతో, బ్యాంకులో డబ్బు ఎవరి సంతకంతో తీయాలన్న సంగతో అయితే, రేపు గొడవ వచ్చినప్పుడు మొదట బయటపడేవి ఆ సంతకాలే.

సభ చేసే పని చెల్లాలంటే కనీసం ఎంతమంది కూర్చోవాలో, ఆ సంఖ్యే కోరం. ఇది తెల్లోళ్లు నేర్పిన పద్ధతి అని చాలామంది అనుకుంటారు. కాదు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఈ మాటే గుర్తుచేశారు. తీర్మానం, కోరం, ఓట్ల లెక్క వంటి పార్లమెంటు పద్ధతులన్నీ బౌద్ధ సంఘాలకు ముందే తెలుసని, ఆ ప్రజాస్వామ్యాన్ని ఈ దేశం ఒకసారి పోగొట్టుకుందని చెప్పారు.

మన చైతన్యపురి దగ్గర మూసీ ఒడ్డున, నరసింహస్వామి గుడి ఉన్న గుట్ట బండ మీద విష్ణుకుండినుల కాలం నాటి ప్రాకృత శాసనం ఉంది. అందులో గోవిందరాజ విహారం పేరు కనిపిస్తుంది. అంటే మనం మీటింగులు పెట్టుకునే ఈ నేల మీదనే దాదాపు పదిహేను వందల ఏళ్ల కింద భిక్ఖు సంఘం మసిలింది. ఆ సంఘానికి వినయం ఏం చెప్పింది?

వినయపిటకంలోని మహావగ్గ లెక్కలు చాలా స్పష్టం. మామూలు సంఘ కార్యాలకు కనీసం నలుగురు భిక్ఖులు కావాలి. వర్షావాసం చివర చేసే పవారణకు అయిదుగురు. మధ్యదేశంలో ఉపసంపద ఇవ్వడానికి పదిమంది. పెద్ద తప్పు చేసి శిక్ష పూర్తిచేసిన భిక్ఖును తిరిగి చేర్చుకోవడానికి ఇరవై మంది. పని ఎంత బరువైతే మంది అంత ఎక్కువ. మన బైలాస్‌లో మాత్రం టీ ఖర్చుకూ స్థలం అమ్మకానికీ ఒకటే కోరం రాసుకుంటాం!

ఉపోసథ రోజు ముగ్గురే ఉంటే? నాలుగోవాడు ఉన్నట్టు రాసుకోరు. పాతిమోక్ఖం చదవరు, ఒకరికొకరు తమ పరిశుద్ధి చెప్పుకుంటారు. మనకూ ఇదే దారి. కోరం లేకపోతే కూర్చొని మాట్లాడుకోవచ్చు, వందన చేసుకోవచ్చు, తీర్మానం మాత్రం చేయరాదు.

రానివాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. సంఘానికి సీమ అని ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపల ఉండి, రోగం వల్ల రాలేని భిక్ఖు తన సమ్మతిని మరో భిక్ఖు చేత పంపాలి. దాన్ని ఛందం అంటారు. కోరం నిండినా, సమ్మతి పంపాల్సినవాళ్లది అందకపోతే ఆ పని సక్రమం కాదు. అట్లని ఛందం పంపినవాడిని హాజరు లెక్కలో కలపరు. కూర్చున్నవాళ్లు నలుగురు ఉండాల్సిందే.

వాట్సాప్‌లో "ఓకే" పెట్టిన సభ్యుడిని ఇప్పుడు ఎక్కడ పెట్టాలో తెలిసింది కదా. అది ఛందం లాంటిది, హాజరు కాదు. కంపెనీల బోర్డుల్లో వీడియోలో చేరినవాళ్లను కోరంలో కలపడానికి చట్టమే ఒప్పుకుంది. మన సొసైటీలకు మన బైలాస్ ఏం చెబితే అది చూసుకోవాలి. ఇంకో మాట. మహిళా సభ్యురాలి బదులు భర్త వచ్చి కూర్చుంటే ఆమె వచ్చినట్టు కాదు. ఆమెకు నోటీసు పోయిందా, ఆమె చేతికే అందిందా అని అడగాలె. కోటా కోసం పేరు, మీటింగుకు మొగుడు అనే అలవాటు మన దగ్గర కూడా ఉండటం సిగ్గుచేటు.

లెక్క దేని మీద కట్టాలి? వచ్చినవాళ్ల మీద కాదు, మొత్తం సభ్యుల మీద. 2013 కంపెనీల చట్టం 174వ సెక్షన్ బోర్డుకు మూడోవంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది అంటుంది. ఖాళీ పడ్డ స్థానాలను మొత్తంలో కలపదు, భిన్నం వస్తే పై అంకె తీసుకుంటుంది. పదకొండు మందిలో ఒకరు చనిపోయి, ఒకరు రాజీనామా చేస్తే మిగిలేది తొమ్మిది, మూడోవంతు అంటే ముగ్గురు. ఒక్క స్థానమే ఖాళీ అయితే పది, అప్పుడు నలుగురు. మన సంఘాలు కంపెనీలు కావు కాబట్టి ఖాళీలను ఎట్లా లెక్కించాలో బైలాస్‌లో ముందే రాసుకోవాలి. అమెరికాలో కొడుకు దగ్గరికి పోయిన సభ్యుడు ఖాళీ కాదు. ఆయన రానివాడు, అంతే. ఏడాదిగా రాని మనిషి పేరు పద్ధతి ప్రకారం తీసేసేదాకా ఆయన మొత్తంలో ఉన్నట్టే.

ఎవరి మీద పని జరుగుతుందో ఆ మనిషిని నాలుగోవాడిగా కలిపి కోరం నింపితే ఆ పని చెల్లదని మహావగ్గ అంటుంది. కార్యదర్శి తమ్ముడికే కట్టడం కాంట్రాక్టు ఇస్తున్నప్పుడు కార్యదర్శిని కలిపి లెక్కపెట్టేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవాలి.

మరి మనుషులే దొరకకపోతే? అవంతిలో సోణుడికి ఉపసంపద ఇవ్వడానికి పదిమంది భిక్ఖులు కుదరక మూడేళ్లు పట్టింది. అతని గురువు మహాకచ్చానుడు అయిదుగురిని పదిమందిగా రాసుకోలేదు. తర్వాత సోణుడితోనే బుద్ధుడికి విన్నపం పంపాడు. సరిహద్దు దేశాల్లో వినయం తెలిసిన భిక్ఖుతో కలిపి అయిదుగురు చాలని బుద్ధుడు నియమమే మార్చాడు. మీ కోరం మీకు అందకపోతే సర్వసభ్య సమావేశం పెట్టి బైలాస్ సవరించుకోండి. ఆ సవరణ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించండి.

కోరం మొదట్లో ఉంటే చాలదు. పార్లమెంటుకు పదోవంతు కోరం పెట్టిన రాజ్యాంగం 100వ అధికరణం, నడుమ మంది తగ్గినా సభ ఆపాలంటుంది. ఎవరు ఎన్ని గంటలకు లేచిపోయారో మినిట్స్ బుక్‌లో రాయండి.

రోగి మాట తిరిగి. ఛందం కూడా పంపలేని స్థితి అయితే అతన్ని మంచంతో సహా సభకు మోసుకురమ్మంది వినయం. కదిలిస్తే రోగం ముదురుతుందనుకుంటే సంఘమే అతని దగ్గరికి పోయి పని చేయాలంది. కొత్తపేటలో మంచం పట్టిన పెద్దమనిషి మీ కమిటీలో ఉంటే ఈసారి మీటింగు ఆయన ఇంట్లో పెట్టండి. నోటీసులో ఆ ఇంటి చిరునామా రాయడం మరువకండి.