సబ్బు చేసే స్నేహం

సంస్కృతంలో ‘స్నేహం’ అనే పదానికి చెలిమి అనే కాక నూనె అనే అర్థం కూడా ఉంది. అయితే నూనెకు నీటితో చెలిమి కుదరదు. జిడ్డు పట్టిన బట్టను వట్టి నీటిలో ఎంత జాడించినా మురికి వదలకపోవడానికి కారణం ఇదే. ఈ రెండింటికీ సంధి కుదిర్చే మధ్యవర్తి సబ్బు.

పూర్వం మన పల్లెలలో తలకు కుంకుడుకాయ, బట్టలకు చౌడు వాడేవారు. చౌడులోని క్షారం జిడ్డును వదలగొడుతుంది. సబ్బు తయారీకీ క్షారమే కీలకం. నూనెను కాస్టిక్ సోడా ద్రావణంతో కాచినప్పుడు సబ్బు, గ్లిసరాల్ ఏర్పడతాయి. ఈ చర్యను సపోనిఫికేషన్ అంటారు. కిలో కొబ్బరినూనెకు సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. చర్య ముగిశాక ఉప్పు కలిపితే సబ్బు పైకి తేలి వేరుపడుతుంది.

సబ్బు అణువుకు తల, తోక ఉంటాయనుకోండి. తల నీటిని కోరుతుంది. తోక జిడ్డును కోరుతుంది. తోకలు జిడ్డులో నాటుకొనగా, తలలు నీటివైపు నిలుస్తాయి. ఇలా ఏర్పడిన సూక్ష్మ గోళాలే మిసెల్లులు. జాడించినప్పుడు అవి జిడ్డుతో సహా నీటిలో కొట్టుకుపోతాయి.

కొల్లేటికీ సముద్రానికీ నడుమనున్న కలిదిండి ప్రాంతంలో పలుచోట్ల భూగర్భజలం ఉప్పన. అందులో సబ్బు సరిగా నురుగునివ్వదు. తయారీలో సబ్బును వేరుచేసిన ఉప్పే ఇక్కడ దానిని కరగనివ్వదు. కఠినజలంలోనైతే కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును తెట్టెగా మారుస్తాయి. ఈ చిక్కును దాటడానికే డిటర్జెంట్లు వచ్చాయి. నీటి కఠినత్వాన్ని తగ్గించడానికి కొన్నింటిలో ఫాస్ఫేట్లు కలుపుతారు.

మరి ఆ నురుగు ఎక్కడికి పోతుంది? బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు ఎగువ ఊళ్ల మురుగును కొల్లేటికి చేరుస్తాయి. ఫాస్ఫేట్లు నాచుకూ గుర్రపుడెక్కకూ ఎరువవుతాయి. అవి చచ్చి కుళ్లినప్పుడు నీటిలోని ఆక్సిజన్ తరిగి చేపలకు ఊపిరాడదు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు ఇది.

వాననీటిలో ఈ లవణాలు దాదాపు ఉండవు. కొద్ది సబ్బుతోనే బట్టలు తెల్లబడతాయి. వాననీటిని పట్టి ఉంచుకోవడం, పొడిని కొలిచి వాడడం మనం చేయగల పనులు. మన మురికిని పొరుగువారి నీటిలోకి పంపడం శుభ్రత అనిపించుకోదు.