పాలకేంద్రం సంరక్షణ – నేర్చి చేయవలసిన పని



సంఘ భవనం, పాల కూలరు, జనరేటరు, నీటి ట్యాంకు మనందరి ఉమ్మడి ఆస్తి. వీటిని కనిపెట్టి ఉండడం తీరిక దొరికినవారు చేసే పని కాదు, నేర్చుకొని చేయవలసిన పని.

మన తీరానగల శ్రీహరికోటనే తీసుకొందాం. అక్కడినుండి 1979 ఆగస్టు 10న పంపిన మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు సముద్రంలో పడిపోయినది. రెండవ దశ అదుపు ఏర్పాటులో ఒక కవాటం సరిగా మూసుకోక ఆమ్లం కారిపోవడమే కారణమని తేలినది. లోపం సరిదిద్దిన పిమ్మట 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్య చేరినది. అంతటి యంత్రానికే చిన్న భాగం గండమైతే, మన కూలరు మాటేమిటి?

ఒకసారి ఈ తీరంలోని ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళి, రిజిష్టర్లు చూసి, అన్నీ సక్రమమని వ్రాసి వచ్చాము. కూలరు వెనుకకు పోయి చూడలేదు. అక్కడ కండెన్సరు ఉప్పుగాలికి తుప్పుపట్టి, దుమ్ముతో పూడి ఉన్నది. వేడి బయటకు పోక, ఎండాకాలంలో ఒక రాత్రి కంప్రెసరు ఆగిపోయినది. తెల్లవారేసరికి పాలన్నీ పులిసినవి. కూలరు చూసే కుర్రవాడిని అడిగితే, "అది తుడవాలని నాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు. నిజమే. అతనికి తాళంచెవి ఇచ్చారు గాని పని నేర్పలేదు. ఆ తప్పులో మా వాటా కూడా ఉన్నది. నష్టం మాత్రం ఒకటి, రెండు గేదెలున్నవారి పాల బిల్లులో కోతపడినది.

కూలరు చూసేవారు నేర్వవలసినవి:

1. పాలు 4 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగినవో లేదో పూటపూటా చూసి వ్రాయుట.

2. తొట్టి ఖాళీ కాగానే కడుగుట. మొదట గోరువెచ్చని నీరు, తరువాత వేడి సోడా నీరు, చివరకు మంచినీరు. ముందే మరిగే నీరు పోస్తే పాలజిగురు అంటుకొని గార కడుతుంది.

3. వారానికొకసారి కరెంటు ఆపి, కండెన్సరు దుమ్మును మెత్తని బ్రష్షుతో దులుపుట. జనరేటరును కొద్దిసేపు నడిపి చూచుట.

4. తన హద్దు తెలియుట. గ్యాసు, కరెంటు మరమ్మతు మెకానిక్కు పని. ఎప్పుడు కబురు పంపవలెనో తెలిస్తే చాలు.

ఒక్కరికే నేర్పితే చాలదు. అతడు పెళ్ళికి పోయిననాడు కూడా గేదెలు పాలిస్తాయి. ఇద్దరికి నేర్పించండి.

చర్చకు ప్రశ్నలు:

అ) మన కూలరు వెనుకభాగం చివరిసారి ఎవరు, ఎప్పుడు తుడిచారు?

ఆ) ఆ వ్యక్తి రానిరోజు ఎవరు చూస్తారు?

జవాబులను రాబోయే పాలకవర్గ సమావేశపు మినిట్సులో వ్రాయించండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు మేము ముందుగా కూలరు వెనుకకే పోయి చూస్తాము.