ఇంటి లెక్కల పుస్తకము మందగించినప్పుడు

బేగంపేట,
సికిందరాబాదు.



అమ్మాయీ, నీ ఉత్తరము చేరినది. ఇంటి జమాఖర్చులు వ్రాసికొను గ్నూక్యాష్ తెరచుకొనుటకే కాఫీ కాచుకొని త్రాగునంత సేపు పట్టుచున్నదనియు, పద్దులు వ్రాయుచుండగా నడుమనడుమ తెర బిగుసుకొనిపోవుచున్నదనియు, అందుచేత క్రొత్త కంప్యూటరు కొనుటయో, కాదేని పాత సంవత్సరముల పద్దులన్నింటిని తుడిచివేసి పుస్తకమును తేలికపరచుటయో మేలని అల్లుడుగారు తలంచుచున్నారనియు వ్రాసితివి. ఈ రెండింటిలో మొదటిది తొందరపాటు, రెండవది అపకారము. జాప్యము ఎచ్చట పుట్టుచున్నదో తేలకముందు ధనమును వెచ్చింపవలదు, లెక్కలను చెరపవలదు. నేను చెప్పదలచినది ఇంతియే గాని, ఆ చోటును ఏ క్రమమున వెదకవలెనో వివరింపకున్నచో ఈ మాట నీకు ఉపకరింపదు గనుక కొంత విపులముగా వ్రాయుచున్నాను.

పాత పద్దుల సంగతి మొదట. షేర్లుగాని మ్యూచువల్ ఫండ్ యూనిట్లుగాని అమ్మిననాడు పన్నుకు లోబడు లాభము అమ్మిన ధరలోనుండి కొన్న ధరను తీసివేయగా వచ్చునదే కావున, కొన్న తేదీయు కొన్న ధరయు నీ పుస్తకమున లేనిచో ఆ లాభమును నిర్ణయించుకొనుటకు నీ యింట ఆధారము మిగులదు. పైగా 2018 జనవరి 31వ తేదీనాటికి చేతనున్న ఈక్విటీ షేర్లకును ఈక్విటీ ఫండ్లకును ఆనాటి ధరను లెక్కలోనికి తీసికొను వెసులుబాటు ఆదాయపు పన్ను చట్టమున కల్పింపబడినది గనుక, ఆనాటికి ముందు కొన్నవాటి పద్దులు ఇంకను ప్రయోజనకరములే. మీ అమ్మ పేర వేసిన ఫండ్లు ఆ కాలమునాటివే కదా! వాటిని అమ్మునంతవరకు ఆ పద్దుల జోలికి పోవలదు. గ్నూక్యాష్‌లో సంవత్సరాంతమున పుస్తకమును మూయు సదుపాయ మొకటి యున్నది; అది మార్చి 31 నాటికి ఆదాయవ్యయముల ఖాతాలను సున్న చేయునే గాని పాత పద్దులను తొలగింపదు, ఫైలును చిన్నదిగా చేయదు. దానివలన వేగము వచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మకుము.

ఇక వెదకు పద్ధతి; దానికి దృష్టాంతము మా పేటలోనే కలదు. మా బేగంపేట యనగానే అందరికిని 2008 వరకు ఈ నగరమునకు ప్రధానమైయుండిన విమానాశ్రయము తోచును; నాకు దాని చేరువనున్న పాత సైనిక వైద్యశాల భవనము తోచును. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అచ్చటనే అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి పెరుగుచుండుటను సూక్ష్మదర్శినితో కనుగొని, 1902లో నోబెల్ బహుమానమును పొందెను. పంకా విసరినచో కోసి పరచిన చిన్న దోమలు ఎగిరిపోవునని ఆ ఉక్కలోనే కూర్చుండి, చిరకాలము ఇతర జాతుల దోమలను పరీక్షించి ఏమియు కానరాక, తన విధానమును విడువక దోమ జాతిని మార్చి, హుస్సేన్ ఖాన్ అను రోగి రక్తమును త్రాగిన దోమలను కోసి చూచిన పిమ్మటనే ఆయనకు సత్యము గోచరించెను. ఆయన సహనమును అందరును కొనియాడుదురు. ఆ సహనమునకంటె ఆయన క్రమము నాకు గొప్పదిగా తోచును. ఒక పర్యాయమున ఒక్క విషయమునే మార్చి, ఫలితమును కాగితముపై వ్రాసికొని, పిమ్మట రెండవదానికి పోవలెను. ఒక్కనాడే పాత ఫైళ్లు తుడిచి, యాంటీవైరస్ మార్చి, ర్యామ్ పెంచినచో, వేగము హెచ్చినను ఏది కారణమో తెలియదు. మరల మందగించిననాడు చీకటిలో తడవులాడవలసివచ్చును.

అన్నింటికంటె ముందు లెక్కల ఫైలును పెన్ డ్రైవులోనికి నకలు తీసి బీరువాలో దాచుము. తరువాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అను ఉచిత ఉపకరణముతో హార్డ్ డిస్క్ ఆరోగ్యమును చూడుము. అది పసుపు రంగులో హెచ్చరిక చూపినచో తక్కిన పరీక్షలన్నియు ఆపి, ఇంటి ఫోటోలు, పత్రములు సర్వము నకలు తీసికొనవలెను. ఏలయనగా చెడిపోవుచున్న డిస్కు ఒక్కొక్క భాగమును పదేపదే చదువుటకు యత్నించుటచేత కూడ యంత్రము మందగించును, అట్టి డిస్కు ఏనాడు పూర్తిగా మూగబోవునో చెప్పలేము.

డిస్కు ఆరోగ్యముగానే యున్నచో, గ్నూక్యాష్‌లో క్రొత్త ఖాళీ పుస్తకమొకటి సృష్టించి, నాలుగైదు పద్దులు వ్రాసి, మూసి, మరల తెరువుము. ఖాళీ పుస్తకమును అంతే ఆలస్యముగా తెరచుకొనినచో దోషము యంత్రమునందో, ప్రోగ్రాము స్థాపనయందో యున్నది. అది వెంటనే తెరచుకొని నీ పుస్తకము మాత్రమే మొరాయించినచో దోషము పుస్తకమునందున్నది. అటుపిమ్మట నీ పుస్తకపు నకలును అల్లుడుగారి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో గాక, ఇంటిలోనివారిదే మరియొక కంప్యూటరులో తెరచి చూడుము. ఆఫీసు యంత్రములలో ఇంటి లెక్కలు పెట్టుట యుక్తము కాదు. ఈ రెండు పరీక్షలు ఒక సాయంకాలపు పని. సగము సందేహము వీనితోనే తీరును.

పుస్తకమే మందమని తేలినచో, నా అనుమానము మొదట నివేదికలమీదికి పోవును. ఖర్చుల పై చార్టు, ఆస్తి అప్పుల పట్టిక, నెలవారీ ఆదాయవ్యయముల నివేదిక, ఇట్టివి తెరచియుంచి ప్రోగ్రామును మూసినచో, మరునాడు తెరచినపుడు గ్నూక్యాష్ ఆ ట్యాబులన్నింటిని మరల తెరచి, సంవత్సరముల పద్దులన్నింటిని మొదటినుండి కూడి చూపుటకు పూనుకొనును. నీకు కావలసినది పాలవాని పద్దు వ్రాయుట మాత్రమే; అది చేయుచున్నది యావత్సంసారపు గణాంకము. మూయుటకు ముందు నివేదికల ట్యాబులను మూసివేయుము. నివేదిక చూచునపుడు తేదీలను ఈ ఆర్థిక సంవత్సరమునకు, అనగా ఏప్రిల్ 1 నుండి, పరిమితము చేయుము. ఎందరికో ఇంతటితోనే వ్యాధి కుదురును.

తెర బిగుసుకొనుట ఎప్పుడు జరుగుచున్నదో కూడ గమనింపుము. గ్నూక్యాష్ సాధారణముగా పుస్తకమును ఎక్స్ఎమ్ఎల్ ఫైలుగా ఉంచును. తెరచినపుడు ఫైలునంతటిని జ్ఞాపకశక్తిలోనికి చదువుకొని, భద్రపరచినపుడెల్ల మొదటినుండి చివరివరకు తిరిగి వ్రాయును. తనంతట తానే భద్రపరచుకొను వ్యవధి మనము మార్చనంతవరకు 5 నిమిషములు. కావున నీ తెర ఇంచుమించు ఐదేసి నిమిషములకు బిగుసుకొనుచున్నచో కారణమిదియే. ప్రిఫరెన్సెస్‌లో ఆ వ్యవధిని పెంచి, నీవే అప్పుడప్పుడు భద్రపరచు అలవాటు చేసికొనుము. అట్లుగాక ప్రతి పద్దునకును బిగుసుకొనుచున్నచో, ఎవరో నీ ఫైలును ఎస్‌క్యూలైట్ రూపమున ఉంచియుందురు. ఆ రూపమున ప్రతి మార్పును తత్క్షణమే డిస్కుపై వ్రాయబడును, నెమ్మది డిస్కుపై ఆ క్షణము దీర్ఘమగును. ‘సేవ్ యాజ్’ ద్వారా ఎక్స్ఎమ్ఎల్ రూపమునకు మార్చి పోల్చి చూడుము. ఫైలున్న ఫోల్డరులో తేదీలతో కూడిన నకళ్లును లాగ్ ఫైళ్లును కుప్పలుగా కనబడును. అవి రక్షణార్థము ప్రోగ్రాము ఉంచునవి, 30 దినముల పిదప తానే తొలగించును. వానివలన భయము లేదు.

ఆ ఫోల్డరు వన్‌డ్రైవ్‌లోగాని గూగుల్ డ్రైవ్‌లోగాని ఉన్నచో మాత్రము సంగతి వేరు. నీవు భద్రపరచినంతనే ఆ సేవ ఫైలును పట్టుకొని పైకి పంప మొదలిడును, అంతలో యాంటీవైరస్ దానిని తనిఖీ చేయ పూనుకొనును, ఒకే తలుపున ముగ్గురు దూరబోయినట్లగును. లెక్కల ఫైలును మామూలు ఫోల్డరులో ఉంచి, వారాంతమున నకలు మాత్రము డ్రైవులో వేయుము.

ఫండ్ల ధరలను ఇంటర్నెట్‌నుండి తెప్పించుకొను సదుపాయమును నీవు వాడుచున్నచో, ఆ జాప్యమునకు స్వభావమే కారణము. మన దేశపు మ్యూచువల్ ఫండ్ల ధరల నిమిత్తము ఆ ఉపకరణము ఆంఫీ అను ఫండ్ సంస్థల సంఘము ప్రకటించు పట్టికనంతటిని, వేలకొలది పథకములతో సహా, దింపుకొని అందులో నీ నాలుగు ఫండ్లను వెదకును. దినదినము తెప్పించుకొనవలసిన అగత్యము గృహస్థునకు లేదు, నెలకొకమారు చాలును. నీ తండ్రిగారు పూర్వము వాడిన మైక్రోసాఫ్ట్ మనీని ఇంకను ఆ యంత్రమున ఉంచితివేని, దాని ఆన్‌లైను సేవలు 2011లోనే నిలిచిపోయినవని ఎరుంగుము. దాని విక్రయము 2009లోనే ఆగినది. ఆ సంస్థకు 2014 నుండి అధిపతిగా నున్న సత్య నాదెళ్ల మా బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలు విద్యార్థి యని మా పేటవారందరు సంతోషముతో చెప్పుకొందురు గాని, ఆ పాత ప్రోగ్రాము మాత్రము మరల రాదు. ఆ ఫైలును చదువుటకై పదిలపరచుము, క్రొత్త లెక్కలు దానిలో వ్రాయకుము.

పద్దుల సంఖ్య యేల ఇంతగా పెరిగినదని నీవు ఆశ్చర్యపడితివి. 2016లో యూపీఐ వచ్చుటకు ముందు ఏటీఎంలో తీసిన సొమ్ము ఒక్క పద్దుగా నుండెడిది. నేడు కొత్తిమీర కట్టయు, ఆటో బాడుగయు, టీయు వేరువేరు పద్దులై బ్యాంకు స్టేట్‌మెంటున చేరుచున్నవి. ఆరోగ్యముగానున్న కంప్యూటరునకు కొన్నివేల పద్దులు భారము కావు. వానిని సరిచూచు మనిషికి భారము. 2022లో ప్రవేశపెట్టిన యూపీఐ లైట్ ఈ బాధకు తగిన ఔషధము: అందులోనికి ఒకమారు సొమ్ము వేసికొన్నచో బ్యాంకు పుస్తకమున ఆ ఒక్క పద్దే కనబడును, చిల్లర చెల్లింపులు కనబడవు. ఇంటి పుస్తకమునను దానిని చిల్లర ఖర్చుగా ఒక్కటిగా వ్రాసికొనుము. స్టేట్‌మెంటును దిగుమతి చేసికొనునపుడు ఒకే నెలను రెండుమార్లు చేర్చితివేమో చూచుకొనుము.

బ్యాంకుల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పెదను. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులోను, పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులోను కలిసిపోయినవి. ఆ పేర్లతోనున్న ఖాతాలను తొలగింపక పేరు మార్చుము. మూసివేసిన ఖాతాలను దాచియుంచుము. దాచుటవలన వేగము రాదు, పట్టిక మాత్రము తేటపడును.

దోషము యంత్రమునందే యని తేలినచో, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరచి, గ్నూక్యాష్ తెరచుకొనుచున్న సమయమున ఏ వరుస నూటికి చేరువగుచున్నదో చూడుము. డిస్కు వరుస 100 శాతమున నిలిచి, సీపీయూ తీరికగానున్నచో, నిమిషమునకు 5400 మార్లు తిరుగు ఆ పాత పళ్లెపు డిస్కే అపరాధి. తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి. అమర్చినచో ఆ యంత్రమే క్రొత్తదివలె నడచును. మెమరీ వరుస నిండుచున్నచో, 4 జీబీ ర్యామ్‌పై బ్రౌజరు ట్యాబులు ఎన్ని తెరచియున్నవో మొదట చూచి, పిమ్మట 8 జీబీకి పెంచుము. నీవు వ్రాసిన లక్షణములనుబట్టి నివేదికల ట్యాబులును పాత డిస్కును కలిసి ఈ బాధ పెట్టుచున్నవని నా అనుమానము.

ఎస్.ఎస్.డి. కావలసివచ్చినచో నాకు వ్రాయుము. పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు నాకు దూరము కాదు, మంచిది చూచి పంపెదను. అమర్చునపుడు కంప్యూటరును దుకాణమున వదలి రావలదు. గ్నూక్యాష్ ఫైలునకు తాళము లేదు, తెరచినవారికెల్ల నీ యింటి ఆస్తి అప్పులు కనబడును. ఎదుట కూర్చుండి పని చేయించి, పాత డిస్కును వెంట తెచ్చుకొనుము. ఒక్క సందర్భమున మాత్రము అల్లుడుగారి మాట ఒప్పు: ఆ యంత్రము విండోస్ 10తో నడచుచు, విండోస్ 11ను స్వీకరింపజాలనిదైనచో, 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ మద్దతు ముగిసినది గనుక, లెక్కలు వ్రాయుటకు ఉంచుకొనవచ్చును గాని నెట్ బ్యాంకింగునకు దానిని వాడరాదు.

ఖాళీ పుస్తకము ఎంత సేపటికి తెరచుకొన్నది, నీ పుస్తకము ఎంత సేపటికి తెరచుకొన్నది, నివేదికలు మూసిన పిమ్మట ఎంత తగ్గినది, టాస్క్ మేనేజర్‌లో ఏ వరుస నిండినది, ఈ నాలుగు సంగతులు తేదీ వేసి నాకు పంపుము. అవి చేరువరకు ఒక్క పద్దునైనను తుడువనీయకుము.

ఇట్లు,
నీ మేనమామ