అమ్మ కంచంలో పొదుపు వద్దు



పొదుపు సంగతి మీకు మేము నేర్పవలసిన పని లేదు. పాత నూలుచీర చిరిగితే మన ఇల్లాలు పారవెయ్యదు. మెత్తని ముక్క చూసి పసిబిడ్డకు పక్కగుడ్డ చేస్తుంది. మిగిలినది మడతలు వేసి బొంత కుడుతుంది. ఆఖరి పీలిక పొయ్యి దగ్గర మసిగుడ్డ అవుతుంది. వేసవి వస్తే ఊరగాయ పెడుతుంది, వడియాలు ఎండబెడుతుంది, ఏడాదికి సరిపడా చింతపండు కుండకు ఎత్తుతుంది. ఇది పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. అమ్మ చేతి నుంచి కూతురి చేతికి వచ్చిన విద్య.

మరి ఈ పుస్తకంలో కొత్తగా చెప్పేదేమిటి అంటారా? ఒకే ఒక్క మాట. ఇంటి పొదుపు చాలావరకు ఇల్లాలి చేతుల మీదుగా నడుస్తున్నది. ఆ చేతుల్లో సత్తువా, కాస్త తీరికా ఉంటేనే అది సాగుతుంది. అవి రెండూ నిలవాలంటే కాన్పుకూ కాన్పుకూ మధ్య తగినంత ఎడం ఉండాలి.

ఒక ఇంటి సంగతి

ఒక ఇల్లు ఉన్నదనుకుందాం. రెండెకరాల మెట్ట, ఒక గేదె. భార్యాభర్తలు, అత్తగారు, పది నెలల పాప. ఇల్లాలు పనిమంతురాలు. రాగులు మొలకెత్తించి పాపకు జావ కాస్తుంది. దొడ్లో మునగచెట్టు, గోంగూర మడి, పందిరి మీద బీరపాదు. సంతలో కొనేది ఉప్పూ నూనే తప్ప మరేమీ ఉండదు.

ఇంతలో ఆమెకు మళ్ళీ నెల తప్పింది. వేవిళ్ళతో తల ఎత్తలేకపోయింది. రాగులు నానవేసే ఓపిక లేదు, పాపకు కొట్లోంచి బిస్కెట్ పొట్లం వచ్చింది. కడుపుతో ఉన్నదని పెద్దవాళ్ళు పాపకు చనుబాలు మాన్పించారు, డబ్బాపాలు వచ్చాయి. నీళ్ళు పోసేవారు లేక బీరపాదు ఎండిపోయింది, కూరకు సంతకు పోవలసి వచ్చింది. పాపకు విరేచనాలు పట్టుకున్నాయి, మందులకు అప్పు తేవలసి వచ్చింది.

“ఈ మధ్య ఖర్చు ఇంత పెరిగిందేమిటి?” అని భర్త అడిగాడు. చెప్పడానికి ఆమెకు జవాబు దొరకలేదు. నిజానికి ఆ ఇంట్లో ఎవరూ దుబారా చెయ్యలేదు. ఆ రెండు చేతులూ అలసిపోయాయి, అంతే.

ఇటువంటి ఇల్లు మీ వాడలోనూ ఉండవచ్చును. అది మీ ఇల్లు కాకూడదని మా కోరిక.

వంటింటి పొదుపు

బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ అక్కర్లేదు. మంచినీళ్ళు కూడా వద్దు. ఆరు నెలలు నిండాక తల్లిపాలు ఇస్తూనే మెత్తని తిండి మొదలుపెట్టాలి. రెండేళ్ళు వచ్చేదాకా, ఆ తర్వాత కూడా, పాలు ఇవ్వవచ్చును.

ఈ తిండికి డబ్బా కొననక్కర్లేదు. రెండు గ్లాసుల రాగులు కడిగి రాత్రంతా నానబెట్టండి. తెల్లవారి నీళ్ళు వంచి, తడిబట్టలో మూటగట్టి ఒక రోజు ఉంచితే మొలకలు వస్తాయి. బాగా ఎండబెట్టి దోరగా వేయించండి. ఒక గ్లాసు పెసరపప్పు కమ్మని వాసన వచ్చేదాకా వేరే వేయించండి. రెండూ కలిపి మెత్తగా విసిరి, జల్లించి, తడి తగలని డబ్బాలో మూతపెట్టండి. పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే చేసుకోండి. బూజు వాసన వస్తే మొహమాటపడక పారబోయండి.

రెండు చెంచాల పిండి చన్నీళ్ళలో కలిపి, మరిగే నీళ్ళలో పోసి, ఉండకట్టకుండా తిప్పుతూ బాగా ఉడికించండి. దించాక అరచెంచా నెయ్యి గానీ నూనె గానీ కలపండి. జావ నీళ్ళలా ఉంటే పొట్ట నిండుతుంది గాని బలం రాదు. చెంచా వంచితే నెమ్మదిగా జారేటంత చిక్కగా ఉండాలి. మొదట పూటకు రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, బిడ్డ అలవాటు పడేకొద్దీ పెంచండి. పాలసీసా వద్దు, శుభ్రమైన గిన్నే చెంచా చాలు. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం బిడ్డ వాటా. అది బిడ్డకే పెట్టండి.

పెద్దల వంటలో కూడా కొన్ని మెలకువలున్నాయి. ఆకుకూర కడిగి ఆ తర్వాత తరగండి. తరిగి కడిగితే అందులోని సత్తువ కొంత నీళ్ళపాలు అవుతుంది. అన్నం వార్చిన గంజి పారబోయకండి. వారానికి రెండు మూడుసార్లయినా మునగాకు పప్పులో పడాలి. వేరుశనగపప్పు, బెల్లం కలిపి ఉండలు చుడితే పిల్లలకు అంతకంటె మంచి చిరుతిండి లేదు. మరీ చిన్నపిల్లలకు మాత్రం గింజ గొంతుకు అడ్డం పడకుండా మెత్తగా దంచి పెట్టండి. పప్పన్నంలో నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతోపాటు టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగి తాగండి.

అమ్మ కంచం

ఇక అసలు మాటకు వద్దాం. మీ ఇంట్లో ఆఖరున అన్నం తినేది ఎవరు?

మగవారు తిన్నాక, పిల్లలు తిన్నాక, పెద్దలు తిన్నాక ఆమె కూర్చుంటుంది. అప్పటికి గిన్నెలో పప్పు అడుగంటి ఉంటుంది. గుడ్డు ఎవరి కంచంలోకో వెళ్ళిపోయి ఉంటుంది. చారు నీళ్ళు పోసుకుని, పచ్చడి నంజుకుని “నాకు ఇది చాల్లే” అంటుంది. అది పొదుపు అని మనం అనుకుంటాం. కానే కాదు. ఆ ఇంటికి అంతకంటె పెద్ద నష్టం మరొకటి లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉన్నది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, పిక్కలు లాగడం, కనురెప్ప లోపల పాలిపోవడం – ఇవి దాని గుర్తులు. ‘ఆడదానికి ఇవి మామూలే’ అని ఊరుకోకండి. ఆరోగ్య కేంద్రంలో వేలి మీద ఒక్క చుక్క తీసి చూస్తే తెలిసిపోతుంది. హిమోగ్లోబిన్ మామూలు స్త్రీకి 12 గ్రాములకు, గర్భిణికి 11 గ్రాములకు తగ్గకూడదు.

ఒక కాన్పు గడవడానికి తల్లికి సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అందులో కొంత తిండి వల్ల వస్తుంది, కొంత ఆమె ఒంట్లోని నిల్వ నుంచి పోతుంది. గాదెలో ధాన్యం తీసి వాడుకున్నారు, మళ్ళీ నింపలేదు. ఇంతలోనే మళ్ళీ తియ్యడం మొదలుపెడితే ఏమవుతుంది? కాన్పు సమయంలో కాస్త రక్తం పోయినా తట్టుకునే శక్తి ఆ తల్లికి ఉండదు. ప్రాణం మీదికి కూడా రావచ్చును. బిడ్డ నెల తక్కువగా, బరువు తక్కువగా పుట్టే ప్రమాదం కూడా పెరుగుతుంది.

అందుకని గర్భిణి నాలుగో నెల నుంచి రోజుకొక ఇనుము మాత్ర చొప్పున కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. విరేచనం నల్లగా అవుతుంది. భయపడి మానెయ్యకండి. కడుపులో తిప్పినట్లుంటే అన్నం తిన్నాక వేసుకోండి.

అత్తగారూ, ఈ మాట మీకు. కోడలి వాటా పప్పూ కూరా ముందే ఒక గిన్నెలోకి తీసి మూతపెట్టండి. అయ్యా, ఈ మాట మీకు. రోజుకు ఒక పూటైనా అందరూ కలిసి కూర్చుని తినండి. ఆమె కంచంలోకి ఒకసారి చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆటలూ, చేతిపనులూ

పిల్లలకు ఆటవస్తువులు కొనలేకపోతున్నామని చింతించవద్దు. వేసవిలో ముంజలు తిన్నాక ఆ తాటికాయలు రెండు తీసి, మధ్య పుల్ల గుచ్చి, పంగలకర్ర తగిలిస్తే బండి తయారు. తాటాకుతో గాలిమర, గుడ్డపీలికలు కూరితే బొమ్మ. చింతగింజలతో పద్నాలుగు గుంటల వామనగుంటలు ఆడితే బడికి పోకముందే పిల్లలకు లెక్క వస్తుంది. కొండపల్లి వారు తెల్లపొణికి కర్రతో, ఏటికొప్పాక వారు అంకుడు కర్రతో పేరుమోసిన బొమ్మలు చేస్తున్నారు. ఆ కర్రలు ఆ చుట్టుపక్కల అడవుల్లో దొరికినవే గదా. చేతికి అందినదానితో అందమైనది చెయ్యడం మన వాళ్ళకు కొత్త కాదు.

ఒక్క జాగ్రత్త. మూడేళ్ళలోపు పిల్లలకు గింజలు, గవ్వలు, గుండీలు అందనివ్వకండి. నోట్లో వేసుకుంటారు.

ఈ పనులు తల్లివే అనుకోకండి. తాటికాయల బండి చేసేటప్పుడు తండ్రి కత్తి పట్టుకుంటే కొడుకూ కూతురూ ఇద్దరూ పక్కన చేరుతారు. ఆ గంటసేపు వాళ్ళు నేర్చుకున్నది పెద్దయ్యాక కూడా మరచిపోరు. కానీ చంకలో ఒకరు, కడుపులో ఒకరు, కొంగు పట్టుకుని ఇంకొకరు ఉన్న ఇంట్లో ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది?

ఎంత ఎడం? ఎలా?

నారు ఒత్తుగా నాటితే ఏ మొక్కా ఏపుగా ఎదగదని రైతుకు తెలుసు. పిల్లల సంగతీ అంతే. ఒక బిడ్డ పుట్టాక కనీసం రెండేళ్ళ వరకు మళ్ళీ గర్భం రాకుండా చూసుకోవాలి. అంటే బిడ్డకూ బిడ్డకూ మధ్య సుమారు మూడేళ్ళు. ఆ లోపల తల్లి ఒంట్లో గాదె నిండుతుంది. మొదటిబిడ్డ కడుపునిండా పాలు తాగుతుంది, తన కాళ్ళ మీద తాను నడుస్తుంది.

‘నెలసరి ఇంకా రాలేదు గదా’ అనే ధీమా పనికిరాదు. నెలసరి రాకముందే గర్భం నిలవవచ్చును. బిడ్డకు ఆరు నెలల లోపు ఉండి, రాత్రింబగళ్ళు తల్లిపాలు మాత్రమే తాగుతూ, నెలసరి మొదలుకాకుండా ఉంటే – ఈ మూడూ కలిసి ఉంటేనే గర్భం వచ్చే అవకాశం చాలా తక్కువ. ఒక్కటి తప్పినా వేరే మార్గం కావాలి.

మార్గాలు చాలా ఉన్నాయి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇవి ఉచితం.

నిరోధ్: మగవారు వాడేది. సుఖరోగాల నుంచి కూడా కాపాడుతుంది.

కాపర్ టి: కాన్పయిన 48 గంటల లోపల గానీ, ఆరు వారాల తర్వాత గానీ వేయించుకోవచ్చును. రకాన్ని బట్టి అయిదేళ్ళు లేదా పదేళ్ళు పనిచేస్తుంది. పిల్లలు కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చును.

అంతర ఇంజక్షన్: మూడు నెలలకొకటి. నెలసరిలో తేడా రావచ్చును. మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు పడుతుంది.

ఛాయ మాత్రలు: మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులూ వాడవచ్చును.

మాల-ఎన్ మాత్రలు: రోజుకొకటి. పాలిచ్చే తల్లులు బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా వాడకూడదు.

ఇక పిల్లలు చాలు అని ఇద్దరూ గట్టిగా అనుకుంటే శస్త్రచికిత్స ఉన్నది. అది శాశ్వతం, కనుక బాగా ఆలోచించి చేయించుకోండి. మగవారికి చేసేది చాలా చిన్నది, కుట్లు కూడా ఉండవు. మగతనం తగ్గదు, పొలం పని చేసే బలం తగ్గదు. అయితే మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకున్నాకనే నిశ్చింతగా ఉండాలి.

ఎవరికి ఏది సరిపడుతుందో డాక్టరు గానీ నర్సమ్మ గానీ చూసి చెబుతారు. ఎంతమంది పిల్లలు, ఎప్పుడు, ఏ మార్గం అనేది నిర్ణయించుకోవలసింది మీరిద్దరే. బలవంతం ఎవరిదీ ఉండకూడదు.

మరొక్క మాట. ఆడపిల్ల పుట్టిందని వెంటనే ఇంకో కాన్పుకు తొందరపడకండి. ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే కణాన్ని బట్టి ఉంటుంది. తల్లిని ఆడిపోసుకోవడం అన్యాయం. ఆ పాపకు కూడా ఆ మూడేళ్ళ పాలూ ముద్దూ కావాలి.

ఈ రాత్రి చెయ్యవలసిన పని

పిల్లలు నిద్రపోయాక భార్యాభర్తలిద్దరూ కాసేపు కూర్చోండి. ఈ మూడు ప్రశ్నలు ఒకరినొకరు అడగండి.

1. ఈ రోజు ఈమె కంచంలో ఏముంది?
2. చిన్నబిడ్డకు ఇప్పుడు ఎన్ని నెలలు? మళ్ళీ బిడ్డ కావాలా? కావాలంటే ఎప్పుడు?
3. అప్పటిదాకా మనం ఏ మార్గం పాటిద్దాం?

జవాబు దొరక్కపోతే మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి, లేదా ఇద్దరూ కలిసి ఉపకేంద్రానికి రండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మీరు చెప్పినది మా దగ్గరే ఉంటుంది.

పాతచీరను బొంతగా మార్చగలిగిన చేతులు అవి. వాటిని కాపాడుకోవడమే ఇంటికి అసలైన పొదుపు.