శిష్యుల గొంతుల్లో వినవలసిన విద్వాంసుడు

నందికొట్కూరు



నాయనా, నీ ఉత్తరంలో అడిగిన ప్రశ్న చిన్నదే గానీ జవాబు కాస్త పొడుగైనది. గొంతుతో కర్ణాటక సంగీతం, కీబోర్డు మీద పాశ్చాత్య సంగీతం కలిపి నేర్చుకుంటున్న నువ్వు ఈ మధ్య పియానో విద్వాంసుల గురించి చదువుతున్నావు. ఎమిల్ గిలెల్స్, స్వియతోస్లావ్ రిక్టర్ పేర్లు ఎక్కడ చూసినా కనబడుతున్నాయి; ఆ ఇద్దరికీ పాఠం చెప్పిన హైన్రిక్ న్యూహౌస్ మాత్రం వాళ్ళ జీవిత చరిత్రల్లో ఒక వాక్యంగా మిగిలిపోయాడెందుకని అడిగావు. 1888లో ఇప్పటి ఉక్రెయిన్ దేశంలో పుట్టిన న్యూహౌస్ 1922లో మాస్కో కన్సర్వేటరీలో చేరాడు. 1964లో చనిపోయేదాకా ఆయన జీవితంలో పెద్ద భాగం ఆ బడితోనే ముడిపడి ఉంది. షోపాన్, స్క్ర్యాబిన్ రచనలు ఆయన వాయించగా చేసిన రికార్డులున్నాయి. జబ్బు చేసి కుడిచెయ్యి దెబ్బతిన్న తర్వాత కూడా వాయించాడు, పియానో వాదనకళ మీద పుస్తకం రాశాడు. అయినా లోకం ఆయన్ని రిక్టర్ గురువుగానే గుర్తుపెట్టుకుంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడానికి మాస్కో దాకా పోనక్కర్లేదు. మన ఊళ్ళో బస్సెక్కితే గంటలో దిగే కర్నూలులోనే ఇలాంటి మహానుభావుడొకరు జీవితంలో పెద్ద భాగం గడిపి, నూరో ఏట కన్నుమూశారు. ఆయన డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు.

పినాకపాణి గారు 1913 ఆగస్టు 3న శ్రీకాకుళం జిల్లా ప్రియా అగ్రహారంలో పుట్టారు, 2013 మార్చి 11న కర్నూలులో పోయారు. వృత్తికి వైద్యులు, కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసరుగా పనిచేశారు. సంగీతం తెలిసినవాళ్ళు ఆయన్ని ‘గొప్ప గురువు’ అంటారు, తెలియనివాళ్ళు ‘పాటలు తెలిసిన డాక్టరు’ అంటారు. రెండూ నిజమే, రెండూ చాలవు. నేను నీకు చెప్పదలచింది ఒక్కటే. ఆయన మొదటి శ్రేణి సంగీత స్రష్ట. అందరూ తమ సృష్టిని కచేరీ వేదిక మీద పెడితే, ఆయన శిష్యుల గొంతుల్లోనూ స్వరలిపిలోనూ పెట్టారు. మనకు వేదిక వైపు మాత్రమే చూసే అలవాటు ఉంది కనుక ఆయన పూర్తిగా కనబడలేదు. ఈ మాట గౌరవం కొద్దీ అంటున్నది కాదు, దానికి ఆధారాలున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి ఆధారం ఆయన నేర్చుకున్న తీరు. ఆయన గురువుల్లో ఫిడేలు చక్రవర్తి ద్వారం వెంకటస్వామి నాయుడు గారున్నారు, మద్రాసులో ఆర్. రంగరామానుజ అయ్యంగారున్నారు. అయ్యంగారు వీణ ధనమ్మాళ్ శిష్యులు. ‘కృతిమణిమాలై’ పేరుతో కృతులను స్వరపరచి సంపుటాలుగా అచ్చువేసిన మనిషి. అంటే పినాకపాణి గారు ఒక పక్క విజయనగరం ఫిడేలు నాదాన్ని, ఇంకో పక్క ధనమ్మాళ్ ఇంటి నెమ్మదైన, గమకం నిండిన బాణీని అందుకున్నారు. వీటికి తోడు మద్రాసులో పెద్ద విద్వాంసుల కచేరీలు శ్రద్ధగా విని, విన్నదాన్ని స్వరంలో రాసుకునే అలవాటు చేసుకున్నారు. ఈ చివరి పని ఎంత కష్టమో నీకు తెలియాలి. పాట విని ఆనందించడం ఒక శక్తి, దాన్ని విడదీసి ఏ స్వరం మీద ఎంతసేపు నిలిచింది, ఎక్కడినుంచి జారింది, ఎక్కడ ఊగింది అని గుర్తించడం మరో శక్తి. రోగి చెప్పేది విని, నాడి చూసి లోపలి సంగతి గ్రహించవలసిన వృత్తిలో ఉన్న మనిషికి ఈ రెండో శక్తి పదును తేలడంలో ఆశ్చర్యం లేదు.

రెండో ఆధారం ఆయన రాసిన స్వరలిపి. ఇది నీ కీబోర్డు మీదే తేల్చుకోవచ్చు. శంకరాభరణం స్వరాలు తెల్ల మెట్ల మీద వరసగా నొక్కు: ఇరవై తొమ్మిదో మేళకర్త ఆరోహణ వస్తుంది, పాశ్చాత్యుల మేజర్ స్కేలు కూడా అదే. కానీ శంకరాభరణం వచ్చిందా? రాలేదు. తోడి అయితే ఇంకా కష్టం. తోడిలో గాంధారం కీబోర్డు మీద ఒకే మెట్టు. గొంతులో అది రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగే ఒక కదలిక. ‘గ’ అని ఒక్క అక్షరం రాసి వదిలేస్తే, పాట తెలిసినవాడికి గుర్తుచేయడానికి సరిపోతుంది, తెలియనివాడికి ఏమీ చెప్పదు. మన పాత స్వరలిపి పుస్తకాల్లో చాలావాటికి ఉన్న ఇబ్బంది ఇదే. పినాకపాణి గారు ఆ ఊపులో తగిలే చిన్న చిన్న స్వరాలను కూడా విప్పి రాసే పద్ధతి పట్టుకున్నారు. తిరుమల తిరుపతి దేవస్థానాలు నాలుగు సంపుటాలుగా ప్రచురించిన ‘సంగీత సౌరభం’లో వందల రచనలు ఈ పద్ధతిలో ఉన్నాయి. అన్నమాచార్య కీర్తనలు అనేకం ఆయన స్వరపరిచారు. గమకాన్ని కాగితం మీద పెట్టాలంటే ముందు దాన్ని మనసులో పూర్తిగా వినగలగాలి. ఏ సంగతి అవసరం, ఏది అలంకారం, ఏది రాగానికి ప్రాణం అన్న నిర్ణయం అడుగడుగునా చెయ్యాలి. ఆ నిర్ణయాలన్నీ సంగీత రచనలే. అవి చేసినవాణ్ణి లేఖకుడనడం సరికాదు.

మూడో ఆధారం అన్నిటికన్నా బలమైనది: ఆయన శిష్యులు. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, తర్వాతి తరంలో మల్లాది సోదరులు శ్రీరాంప్రసాద్, రవికుమార్. వీళ్ళలో ఎవరూ ఒకరిలా ఒకరు పాడరు. నేదునూరి గారి ఆలాపన నిదానంగా, నిండుగా, తొందర లేకుండా విస్తరిస్తుంది. విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన వోలేటి గారు బడే గులాం అలీఖాన్ గానాన్ని ప్రేమించి, ఆ మెరుపుల్ని మన రాగాల్లో కలుపుకున్నారు. నూకల వారిది శాస్త్రం తెలిసిన పండితుడి పాట. గోపాలరత్నం గారి గొంతులో సాహిత్యం స్పష్టంగా, ఆర్ద్రంగా పలుకుతుంది. నాసిరకం గురువు దగ్గర చదివినవాళ్ళందరికీ గురువుగారి దగ్గూ తుమ్మూ కూడా వస్తాయి, మంచి గురువు దగ్గర చదివినవాళ్ళకు గురువుగారి వివేకం వచ్చి గొంతు ఎవరిది వాళ్ళకు మిగులుతుంది. ఇంతమంది వేరువేరుగా ఎదిగినా అందరిలోనూ ఉమ్మడిగా వినబడేది ఒకటుంది. స్వరాన్ని పొడిగా వదలకపోవడం, కాలప్రమాణాన్ని తొందరపెట్టకపోవడం, రాగాన్ని ముక్కలుగా కాక వాక్యాలుగా పలకడం. ఆ ఉమ్మడి గుణమే పినాకపాణి గారి సంగీతం. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి కె.సి. కాలువలోకి నీళ్ళు మళ్ళిస్తే నంద్యాల దాటి కడప దాకా పైరు పండుతుంది. వరిని మెచ్చుకునేవాళ్ళకు ఆనకట్ట కళ్ళెదుట లేకపోయినా నీళ్ళు అక్కడివే.

ఇక నీకు తట్టే అభ్యంతరాలకు వస్తాను. మొదటిది: ఆయనకు 1983లో మద్రాసు సంగీత అకాడమీ ‘సంగీత కళానిధి’ ఇచ్చింది, 1984లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది, ఇంక ఆదరణ లేదనడం ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. విద్వాంసులు ఆయన్ని ఎరుగుదురనడానికి ఆ బిరుదులే సాక్ష్యం, దాన్ని కాదనను. అయితే బిరుదు ఒక రోజు పని, వినడం తరతరాల పని. కళానిధి వచ్చేనాటికి ఆయనకు డెబ్భై ఏళ్ళు. బిరుదు తర్వాత కూడా సామాన్య శ్రోత ఆయన పేరుతో రికార్డు వెతుక్కోడు, సంగీతం నేర్చుకునే పిల్లలు చాలామంది ఆయన పుస్తకం తెరవరు. పాట నచ్చితే పాడినవాళ్ళ పేరు గుర్తుపెట్టుకుంటాం, ఆ పాట ఆ రూపానికి రావడానికి కారణమైనవాణ్ణి అడగం. నేను లోటు అంటున్నది సన్మానాల్లో లేదు, మన చెవిలో ఉంది. అందుకే దాన్ని తీర్చడం ప్రభుత్వం చేతిలో కాక నీలాంటివాడి చేతిలో ఉంది.

రెండోది దీనికన్నా గట్టి అభ్యంతరం. సంగీతం వినిపించే కళ, వినిపించనివాణ్ణి మహా విద్వాంసుడని ఎలా అంటాం? ముందు ఒక సంగతి: ఆయన అసలు పాడనివారు కారు. కచేరీలు చేశారు, ఆకాశవాణిలో పాడారు. కానీ వైద్యం, ఉద్యోగం, శిష్యులు, వీటి నడుమ కచేరీల కోసం ఊరూరా తిరిగే జీవితం ఆయనది కాదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఈ కొలత మన సంప్రదాయానికే సరిపడదు. త్యాగరాజస్వామి ఏ కచేరీల వల్ల మనకు తెలుసు? 1847లో ఆయన పోయాక ఆ కృతులు నిలిచింది వాలాజాపేట, తిల్లైస్థానం, ఉమయాళ్పురం శిష్యపరంపరల వల్ల. వాలాజాపేట వెంకటరమణ భాగవతారు, ఆయన కుమారుడు రాసిపెట్టిన ప్రతులు లేకపోతే మనకు ఎంత మిగిలేదో ఆలోచించు. స్వామివారు పాడగా విన్నవాడు ఈనాడు ఒక్కడూ లేడు, అయినా ఆయన సంగీతం గొప్పదని చెప్పడానికి ఎవరూ జంకరు. పాఠం, ప్రతి, పరంపర ద్వారా వచ్చిన సంగీతాన్ని అక్కడ ఆమోదించి ఇక్కడ కాదంటే అది తర్కం అనిపించుకోదు. త్యాగరాజస్వామితో పినాకపాణి గారిని సమానం చేయడం నా ఉద్దేశం కాదు. కొలత ఒకటే ఉండాలంటున్నాను, అంతే.

మూడోది కొందరు తెలుగు సంగీతాభిమానులు బాధతో అడిగేది. ఆయన మద్రాసులో నేర్చిన తంజావూరు బాణీ తెచ్చి, ఆంధ్రలో ఉన్న సొంత పోకడను వెనక్కి నెట్టారు కదా? ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. స్థానికంగా ఉన్న కొన్ని తీరులు పలచబడ్డాయి, వాటిని రాసి, రికార్డు చేసి ఉంటే బాగుండేది. కానీ తంజావూరు నుంచి ఆయన తెచ్చిందేమిటో చూడు. తిరువారూరులో తెలుగు కుటుంబంలో పుట్టిన త్యాగయ్య తెలుగు కృతులు, శ్యామశాస్త్రి తెలుగు కృతులు. కృష్ణా జిల్లా మొవ్వకు చెందిన క్షేత్రయ్య పదాలను తరాల పాటు భద్రంగా పాడుకున్నవాళ్ళలో మద్రాసులోని ధనమ్మాళ్ కుటుంబం ముఖ్యమైనది. మన మాటలు కావేరి ఒడ్డున బతికాయి, వాటికి పట్టిన రాగచ్ఛాయ కూడా అక్కడే పండింది. మాటలు మనవని గర్వపడుతూ, వాటిని పలికే పద్ధతి పరాయిదనడం కుదరదు. పైగా ఆయన ద్వారం వారి శిష్యులు, శిష్యుల్లో ఎవరినీ తంజావూరు నకలుగా మార్చలేదు. వోలేటి గారి పాట ఒక్కటి విన్నా ఆ అనుమానం తీరుతుంది. నేదునూరి గారు రేవతి రాగంలో స్వరపరిచిన ‘నానాటి బ్రతుకు’ తెలుగు ఇళ్ళల్లో అందరూ పాడుకునే పాటయింది. పరాయి బాణీకి బానిసలైనవాళ్ళు చేయగల పని కాదది.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, సంగీతంలో పైకి రావడమంటే వేదిక ఎక్కడమే అన్న భావం నీ వయసువాళ్ళకు బాగా పట్టుకుంది. మన ఊరిలాంటి చోట పెద్ద సభలు లేవు, టికెట్టు కొని కచేరీ వినే అలవాటు లేదు, కాబట్టి ఇక్కడ సంగీతం సాగదని నిరాశపడటం తేలిక. పినాకపాణి గారి జీవితం ఆ నిరాశకు సూటి జవాబు. మద్రాసుకు దూరంగా, రాయలసీమ పట్నంలో, ఆసుపత్రి ఉద్యోగం చేసుకుంటూ, నేర్చుకోవాలని వచ్చినవాళ్ళకు డబ్బు తీసుకోకుండా చెబుతూ, ఒక మనిషి తెలుగు దేశపు పాట నడతను మార్చగలిగాడు. ఆయనకు కావలసివచ్చినవి వినే చెవి, రాసే చెయ్యి, ఓపిక. ఈ మూడూ నందికొట్కూరులోనూ దొరుకుతాయి.

కాబట్టి నీ సాధన ఇలా పెట్టుకో. ఒకే రాగాన్ని నేదునూరి గారి ఆలాపనలో ఒకసారి, వోలేటి గారి ఆలాపనలో ఒకసారి విను. ఇద్దరిలో వేరుగా ఉన్నదేమిటి, ఉమ్మడిగా ఉన్నదేమిటి అని నోటుపుస్తకంలో రెండు వరసలుగా రాసుకో. తర్వాత ‘సంగీత సౌరభం’ తెరిచి నీకు వచ్చిన కృతి ఒకటి తీసుకుని, ఆ స్వరాలను మొదట విలంబంలో, ఒక్కొక్క గమకం తేలేదాకా పాడు. కీబోర్డు మీద అవే స్వరాలు నొక్కి, మెట్టు ఎక్కడ చాలకుండా పోతుందో గుర్తించు. ఆ లోటు తెలిసినప్పుడు నీకు పియానో మీద గౌరవం తగ్గదు, గొంతు మీద పెరుగుతుంది. ఆ పైన నీకు వచ్చిన వర్ణం ఒకటి మీ వీధిలో పిల్లవాడికి ఎవరికైనా నేర్పు. నేర్పేటప్పుడు నీకు తెలియనిదేమిటో బయటపడుతుంది, దాన్ని మళ్ళీ నేర్చుకో. వేదిక దొరికితే ఎక్కు, తప్పు లేదు. దొరకనంత మాత్రాన నీ సంగీతం తక్కువదని మాత్రం ఎన్నడూ అనుకోకు.

ఆశీస్సులతో,
నీ మేలు కోరే పెద్దాయన