శుభకార్య నిర్వహణము

శ్రీకాకుళము జిల్లాలో వంశధారానదికి ఎడమగట్టున శ్రీముఖలింగమను పుణ్యక్షేత్రము కలదు. పూర్వమిది కళింగనగరమను పేర తూర్పు గాంగరాజులకు రాజధానిగా నుండెను. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు ఇచ్చటి శిల్పసంపదకు నిదర్శనములు. ఏటేట మహాశివరాత్రికి ఈ చిన్న గ్రామమునకు వేలకొలది భక్తులు వత్తురు. ఉత్సవాంతమున వంశధారలో చక్రతీర్థ స్నానము జరుగును.

విద్యార్థులారా! అంత జనము కూడినచోట నీడకు పందిరి కావలెను. త్రాగుటకు నీరు, ఆకలికి అన్నము, రాత్రికి దీపము కావలెను. వేడుక ముగిసిన పిమ్మట ఊడ్చి శుభ్రము చేయువారును కావలెను. వీనినన్నిటిని ఎవరో ముందుగా ఆలోచించి సమకూర్పవలెను. దేవుని ఉత్సవమైనను, ఇంటిలోని పెండ్లియైనను ఇంతే. ఇట్టి ఏర్పాటులు చేయుటయే జీవనోపాధిగా ఎట్లు ప్రారంభింపవచ్చునో ఈ పాఠమున తెలిసికొందము.

పూర్వము పల్లెలో పెండ్లియనగా ఊరంతయు కదలెడిది. యువకులు కొబ్బరి మట్టలతో పందిరి వేసెడివారు. కుమ్మరి కుండలను, మేదరి తట్టలను తెచ్చెడివారు. ఇరుగుపొరుగు స్త్రీలు పసుపు దంచి, కూరలు తరిగి ఇచ్చెడివారు. అనుభవముగల పెద్ద యొకరు అన్నిటికిని ముందుండి కార్యము నడిపించెడివారు. ఆయనకు కూలి లేదు, గౌరవమే ప్రతిఫలము.

నేడు ఈ ప్రాంతమునుండి పెక్కుమంది పనికొరకు విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నై మొదలగు నగరములకు వలసపోవుచున్నారు. పలు ఇండ్లలో వృద్ధులే మిగిలియున్నారు. ఐనను బిడ్డ పెండ్లి సొంత ఊరిలోనే జరుపవలెనని తలచువారు అనేకులు కలరు. కార్యము కలదు, చేయు చేతులు చాలవు. ఈ లోటును తీర్చువాడే శుభకార్య నిర్వాహకుడు. ఊరు విడువక బ్రదుకగోరు యువతీయువకులకు ఇది యొక మంచి దారి.

ఈ వృత్తికి పెట్టుబడి యెంత కావలెను? మొదటనే షామియానాలు, కుర్చీలు, పెద్ద పాత్రలు కొనుట తగదు. ఈ జిల్లాలోని బుడితి గ్రామము ఇత్తడి, కంచు సామానులకు ప్రసిద్ధము. అవి యెంత ముచ్చటగొలిపినను, పని స్థిరపడువరకు పాత్రలను అద్దెకు తెచ్చుకొనుటయే మేలు. ఆషాఢమునను, మూఢములందును పెండ్లిండ్లుండవు. ఆ దినములలో కొన్న సామాను మూలనుండును గాని, తెచ్చిన అప్పుమీది వడ్డీ మూలనుండదు. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన క్రింద చిన్న వ్యాపారులకు బ్యాంకులు తాకట్టు లేకయే ఋణమిచ్చును. తాకట్టు లేకున్నను ఋణము ఋణమే. తీర్చగలిగినంత మాత్రమే తీసికొనవలెను.

నిర్వాహకునికి సామానుకంటె ముఖ్యమైనది లెక్క. ఒక విందునకు 300 మంది వత్తురనుకొందము. ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యము చొప్పున 45 కిలోలు కావలెను. 400 మంది వచ్చినచో 60 కిలోలు కావలెను. ఎక్కువ వండినచో అన్నము వృథా. తక్కువైనచో గృహస్థునకు తలవంపు. కావున ఎందరు వత్తురో ఒకటికి రెండుసార్లు అడిగి తెలిసికొనవలెను. కాలమునకును ఇట్లే లెక్క యుండవలెను. ముహూర్తము మన కొరకు ఆగదు. దానినుండి వెనుకకు లెక్కించి, పొయ్యి యెప్పుడు వెలిగింపవలెనో, మేళమువారు ఎప్పటికి చేరవలెనో ముందే నిర్ణయింపవలెను.

లాభము విషయమునను జాగ్రత్త అవసరము. ఒక కార్యమునకు లక్ష రూపాయలు పుచ్చుకొని, సరకులకును కూలికిని 88,000 రూపాయలు చెల్లించినామనుకొందము. మిగిలిన 12,000 అంతయు లాభము కాదు. బండి బాడుగ, పగిలిన వస్తువుల వెల, అప్పుమీది వడ్డీ దానినుండియే పోవలెను. అవన్నియు పోగా నిలిచినదే మన సంపాదన.

మాటను వ్రాతలో పెట్టుట మరియొక నియమము. ముఖలింగ దేవాలయమున శాసనములు అనేకములు కలవు. అఖండదీపమునకై దాతలు చేసిన దానములను అవి తెలుపుచున్నవి. భగవంతునికిచ్చిన దానినే రాతిపై చెక్కించి స్థిరపరచిరి గదా! మనుష్యుల నడుమ జరుగు ఒప్పందమునకు కాగితమైనను ఉండవద్దా? కార్యము జరుగు దినము, అతిథుల సంఖ్య, వంటకములు, ముందిచ్చిన బయానా, మిగిలిన సొమ్ము చెల్లించు గడువు వ్రాసికొని ఇరువురును సంతకము చేయవలెను. దీనివలన పెండ్లినాడు వాదములుండవు.

చట్టమును కూడ ఎరిగియుండవలెను. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము ననుసరించి విందు భోజనము సరఫరా చేయువారు నమోదు పొందవలెను, లేదా లైసెన్సు తీసికొనవలెను. 2000 నాటి శబ్దకాలుష్య నియమముల ప్రకారము సామాన్యముగా రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు ఆరుబయట ధ్వనివర్ధకములు మ్రోగింపరాదు. 14 ఏండ్లు నిండని బాలబాలికలను కూలికి పెట్టుటను 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము నిషేధించుచున్నది. ఎంగిలి విస్తళ్ళు తీయుటకు చౌకగా దొరకుదురని మీ యీడు పిల్లలను పిలుచుట నేరము.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష ఇంకొకటి కలదు. గృహస్థుడు ఎక్కువ ఖర్చు చేసినకొలది నిర్వాహకునికి ఎక్కువ లాభము. పొరుగువారి పెండ్లికంటె తన పెండ్లి ఘనముగా నుండవలెనని ఒక రైతు పొలము తాకట్టు పెట్టబూనినచో నిర్వాహకుడు ఏమి చేయవలెను? “బాబూ, ఇంత దీపాలంకారము వలదు. ఈ వంటకములు చాలును” అని చెప్పగలవాడే నిజమైన నిర్వాహకుడు. ఆనాటికి అతని లాభము తగ్గవచ్చును. కాని ఆ యింటివారు రెండవ బిడ్డ పెండ్లికి మరల అతనినే పిలుతురు. పదిమందికి అతని పేరు చెప్పుదురు.

ఖర్చు చేయు సొమ్ము మన ప్రాంతమువారికే చేరునట్లు చూచుటయు మేలు. ప్లాస్టిక్ పళ్ళెములకు బదులుగా అడ్డాకు విస్తళ్ళు వాడినచో, ఆకు సేకరించు గిరిజనులకు నాలుగు డబ్బులు దొరకును. వంశధారయు మలినము కాదు. దూరమునుండి ఖరీదైన వినోదములను రప్పించుటకు బదులు తప్పెటగుళ్ళ కళాకారులను పిలిచినచో వేడుకకు వేడుకయు, కళకు పోషణయు లభించును. వంటవారికి, వడ్డించువారికి, ఊడ్చువారికి వేళకు భోజనము పెట్టి, కూలిని ఆనాడే చెల్లింపవలెను. అతిథులకు కడుపునిండ వడ్డించినవారు ఆకలితో ఇల్లు చేరరాదు.

విద్యార్థులారా! ఏ వృత్తియు చిన్నది కాదు. లెక్క తప్పక, మాట తప్పక, ఒరుల సొమ్మును తన సొమ్మువలె పొదుపుగా వాడువానికి పల్లెలోనైనను పని దొరకును. పనితోపాటు గౌరవమును దొరకును.

ప్రశ్నలు

1. పెండ్లి పనులకు నిర్వాహకుని అవసరము నేడేల కలిగినది?
2. వృత్తి ప్రారంభమున సామాను కొనక అద్దెకు తెచ్చుట ఏల మేలు?
3. మీ పాఠశాల వార్షికోత్సవమునకు 200 మంది వచ్చుచున్నారనుకొని, కావలసిన ఏర్పాటుల పట్టికను తయారు చేయుడు.